పెద్ద కుక్కర్

"పెద్ద కుక్కర్ ఏదే అమ్మాయ్?"

వంటింట్లోంచి అత్తగారి కేక. ఆరేళ్ళుగా నెలకోసారైనా ఆ ఇంట్లో వినపడే ప్రశ్నే ఇది. జవాబు ఆవిడకీ తెలుసు, కోడలికీ తెలుసు. అయినా ఆవిడ అడగడం మానలేదు. అప్పుడప్పుడూ అడక్కపోతే ఆ కుక్కర్ ఇంకా తమదేనన్న సంగతి అందరూ మర్చిపోతారని ఆవిడ బెంగ.

"యూనివర్సిటీలో ఉంది అత్తయ్యా," అంది కోడలు, ఆరిన బట్టలు మడతపెడుతూనే.

"ఆరేళ్ళయిందిగా వెళ్ళి! పట్టా ఎప్పుడిస్తారట దానికి?"

కోడలికి నవ్వొచ్చింది. అత్తగారి నోటికి జడిసి బంధువులు ఆమడదూరం నుంచే దారి మార్చుకుంటారు గానీ, కోడలికి మాత్రం ఆ నోరు లేకపోతే తెల్లారినట్టుండదు.

"నవ్వకు. ఆదివారం నా కూతురూ అల్లుడూ పిల్లలూ వస్తున్నారు. ఇంత మందికీ ఈ బుల్లి కుక్కర్లో మూడు వాయిలు వండుతావా?"

"వండుతాను లెండి."

ఇదిగో, ఈ "లెండి" దగ్గరే వస్తుంది చిక్కంతా. వండుతాను లెండి, చూసుకుంటాను లెండి, సర్దుకుంటాను లెండి. ఆ మాట అన్నాక ఎవరైనా మళ్ళీ వెనక్కి తిరిగి చూస్తారా? పేపర్ చదువుకుంటున్న మొగుడు తలెత్తకుండానే, "మా ఆవిడ ఉన్నంతకాలం ఈ ఇంట్లో దేనికీ లోటు తెలీదమ్మా," అన్నాడు. ఎంతో ప్రేమగానే అన్నాడు. మంచి మనిషి. కరెంటాఫీసులో లైన్లు బాగుచేసే ఉద్యోగం, ఎవరింట్లో దీపం వెలక్కపోయినా పరిగెత్తుకెళ్తాడు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట వింటే ఆమెకి ఒళ్ళంతా పులకరించేది. తర్వాత తర్వాత అర్థమైంది, లోటు ఎక్కడికీ పోదని. అది ఆమె పళ్ళెంలోకి వస్తుంది, ఆమె నిద్రలోకి వస్తుంది, రెండేళ్ళుగా ఎడమ మోకాల్లోకి వచ్చి స్థిరపడింది. వాళ్ళకి తెలియకపోవడం నిజమే, ఎందుకంటే వాళ్ళకి తెలియకుండా చూడటమే ఆమె పని. సాయంత్రం ఆమె ఇంట్లో అడుగుపెట్టగానే "అలిసిపోయావా?" అని రోజూ అడుగుతాడు పాపం. "అబ్బే, ఏం లేదు," అంటుందీమె. ఆ జవాబు వినేలోపే ఆయన టీవీ పెట్టేస్తాడు. ఆయన్నని ఏం లాభం? పద్దెనిమిదేళ్ళుగా అదే జవాబు విని విని ఆయన ప్రశ్న కూడా అరిగిపోయింది.

ఆమె బట్టలు బీరువాలో పెట్టి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, మోకాలు పట్టుకుని ఒకసారి వంచి చూసుకుని, బస్సెక్కింది.

ఆమె పనిచేసేది సర్కారు యూనివర్సిటీలో. క్రిముల శాస్త్రం విభాగంలో ల్యాబ్ అసిస్టెంటు. పదిహేడేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగమే. ఏడాదికోసారి ఒక కాగితం వస్తుంది, మరో ఏడాది ఉండొచ్చని. పిల్లలు ఆమెని "ల్యాబక్కా" అంటారు. ఊళ్ళో ప్రైవేటు కాలేజీలు అద్దాల మేడలు కట్టుకుని ఉన్నాయి గానీ, వాటి గేటు దాటలేని పిల్లలందరూ ఈ పాత భవనానికే వస్తారు. పైకప్పు కారుతుంది, సగం కుళాయిల్లో నీళ్ళు రావు, లిఫ్టు మీద "మరమ్మతులో ఉంది" అన్న బోర్డుకే తుప్పు పట్టింది. అయినా జూన్ రాగానే దరఖాస్తులు పట్టుకుని వరసలో నిలబడే పిల్లల్ని చూస్తే ఆమెకి కడుపు నిండిపోతుంది.

ఆరేళ్ళ కిందట ఆటోక్లేవ్ చచ్చిపోయింది. ఆటోక్లేవ్ అంటే పెద్ద పీపాలాంటి మెషీను. గాజు సామాన్లనీ, క్రిముల్ని పెంచే మేతనీ ఒత్తిడిమీద ఆవిరితో ఉడికించి శుద్ధి చేస్తుంది. అది లేకపోతే ఆ విభాగంలో ప్రయోగమన్నదే లేదు. పెద్ద మాస్టారు, అంటే విభాగం అధిపతి, ఉత్తరం మీద ఉత్తరం రాశారు. "నిధులు వచ్చినప్పుడు పరిశీలించగలం" అని జవాబు మీద జవాబు వచ్చింది. పిల్లలేమో ఖాళీ చేతులతో కూర్చున్నారు. నాలుగు వారాలు చూసింది, ఐదో వారం తన మొదటి జీతంతో కొనుక్కున్న పెద్ద ప్రెషర్ కుక్కర్ని సంచిలో పెట్టుకుని బస్సులో మోసుకొచ్చేసింది. కుక్కర్ చేసేదీ ఆ పనేగా! మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి పావుగంట ఉంచితే చాలు, ఏ క్రిమీ బతకదు. ఆ రోజు ల్యాబులో విజిల్ వేయగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్ద మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఒక్కసారి దారి పడితే ఆగుతుందా? కుక్కర్ వెనకాలే వంటింటి తూకం వచ్చింది, దాని వెనక టీ వడపోసే జల్లెడ, కొలత గ్లాసు, మూతలున్న గాజు సీసాలు. ఆఖరికి మొగుడి గడ్డం గీసుకునే కప్పు కూడా వచ్చి అలమారలో కూర్చుంది. ఆయన వారం రోజులు వెతికాడు. కప్పు కొలతకి ఎంత బాగుంటుందో ఆమె చెబితే తల గోక్కుని, "చెప్పి తీసుకెళ్ళొచ్చుగా," అన్నాడంతే.

ఇక తనిఖీ సంగతి. ఏటా ఒక కమిటీ వస్తుంది. ఎవరికి ఎన్ని నిధులివ్వాలో వాళ్ళు రాసే నివేదికే తేలుస్తుంది. ఇంటికి చుట్టాలొస్తుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆమెకి. చిరిగిన దుప్పటి కిందికీ మంచి దుప్పటి పైకీ వేసినట్టు, కుక్కర్ బల్ల కిందికి పోతుంది. చచ్చిన ఆటోక్లేవ్‌ని ఆమె నిమ్మచెక్కతో రుద్ది రుద్ది మెరిపిస్తుంది. నాలుగేళ్ళ కిందట ఇంకో అడుగు ముందుకేసి మొగుణ్ణి సెలవు పెట్టించి తీసుకొచ్చింది. ఆయన దాని లోపల చిన్న వైరు లాగి, స్విచ్చి వేస్తే ఎర్ర బల్బు వెలిగేలా చేశాడు. మెషీను మాత్రం ఇంచుకూడా వేడెక్కదు. "ఇది దొంగతనమేం కాదుగా?" అన్నాడు కాస్త భయంగా. "అలంకారం," అందామె. పెద్ద మాస్టారు ఆయన భుజం తట్టి, "మీ ఆవిడ ఉండగా మా విభాగానికి లోటు తెలీదయ్యా," అన్నారు. ఇద్దరు మగవాళ్ళూ ఒకరినొకరు చూసుకుని గర్వంగా నవ్వుకున్నారు.

ఆ రోజు ఆమె ల్యాబు తలుపు తీసేసరికి గుమ్మంలో రెండు బస్సుల పిల్ల కూర్చుని ఉంది.

ఆ పేరు పిల్లలే పెట్టారు. ఊరవతలి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. మొదటి బస్సు తప్పితే ఆ రోజుకి చదువు లేనట్టే. మూడేళ్ళలో ఒక్కరోజు తప్పనివ్వలేదు. వాళ్ళ నాన్న మొదటి రోజే ఆమెతో చెప్పి వెళ్ళాడు, "ఇక్కడ సీటొచ్చింది కాబట్టి చదువుతోందమ్మా, రాకపోతే నాతోపాటు పనికొచ్చేది" అని. పరీక్షలు ఫస్టు క్లాసులో పాసయింది. ముందురోజే ఒక పెద్దాసుపత్రి ల్యాబులో ఉద్యోగానికి పిలుపొస్తే వెళ్ళింది. తీపి కబురు తెచ్చిందనుకుని ఆమె సంచి కింద పడేసి మరీ దగ్గరికెళ్ళింది.

"ఏమైంది? చెప్పవేం? చేరమన్నారా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "రాత పరీక్షలో నాకే ఎక్కువొచ్చాయక్కా. తర్వాత ల్యాబులోకి తీసుకెళ్ళి, ఈ సామాను శుద్ధి చేసి చూపించమన్నారు. కొత్త ఆటోక్లేవ్. ధగధగలాడిపోతోంది. మూత ఎటు తిప్పాలో తెలీలేదు. ఎలాగో తిప్పాను. స్విచ్చి వేశాను. వేసి..."

"వేసి?"

"నిలబడ్డానక్కా."

"నిలబడటమేంటి?"

"విజిల్ కోసం."

ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె చూపు ల్యాబులోని కుక్కర్ మీదికి పోయింది.

"ఎంతసేపైనా విజిల్ రాదేంటా అని చూస్తున్నాను. అక్కడ గడియారంలాంటిది ఉంది, అందులో ముల్లు చూడాలట. నాకేం తెలుసు? ఒకాయన వచ్చి ఏం చేస్తున్నావమ్మా అన్నాడు. విజిల్ రాలేదండీ అన్నాను. అందరూ నవ్వారక్కా. మీ యూనివర్సిటీలో వంట నేర్పుతున్నారా అని అడిగారు." పిల్ల కూడా నవ్వడానికి చూసింది, కుదర్లేదు. "నిన్నేం అనట్లేదక్కా. నువ్వు లేకపోతే నాకు ఆ విజిల్ కూడా తెలిసేది కాదు."

తల తీసేసినట్టయింది ఆమెకి. తిట్టినా బాగుండేది. పిల్లని దగ్గరికి తీసుకుని కూర్చోబెట్టి, తన డబ్బా విప్పి తినిపించింది. తను తినలేకపోయింది. చెల్లెల్ని కూడా వచ్చే ఏడు ఇక్కడే చేర్పిద్దామనుకుంటున్నారట ఇంట్లో. "చేర్పించమంటావా అక్కా?" అనడిగింది పిల్ల అమాయకంగా. ఆమె ఖాళీ డబ్బా కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం పెద్ద మాస్టారు పిలిచారు. చేతిలో ఉత్తరం, మొహంలో కంగారు.

"శుక్రవారమే తనిఖీ అమ్మా. ఈసారి మాట గట్టిగా ఉంది. పరికరాలు లేని కోర్సుల్ని ఆపేసే విషయం పరిశీలిస్తారట. పోయినేడు పక్క విభాగాన్ని అలాగే మూసేశారు. ఆ ఎర్ర బల్బు వెలుగుతోందో లేదో ఒకసారి చూడు. పోయినేటి నివేదిక బీరువాలో ఉంటుంది, తీసి పెట్టు."

నివేదిక తీసింది. పదిహేడేళ్ళలో ఆ కాగితాల దుమ్ము దులపడమే గానీ ఏనాడూ చదవలేదు. ఆ రోజెందుకో నిలబడే చదివింది. "ప్రయోగశాల సౌకర్యాలు సంతృప్తికరం. ఆటోక్లేవ్ పనిచేయు స్థితిలో ఉన్నది. పరికరాల నిధి కోరుతూ విభాగం పంపిన అభ్యర్థనకు తగిన కారణము కనబడలేదు." దాని ముందు ఏడాదిది తీసింది. అందులోనూ అదే. అంతకు ముందుదీ అదే. అక్షరం తేడా లేదు.

బీరువాకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది. డబ్బుల్లేక ఇవ్వట్లేదనుకుంది ఇన్నాళ్ళూ. డబ్బుల్లేవన్నదీ నిజమే కావచ్చు. కానీ ఉన్న కాస్తా ఇచ్చేవాళ్ళకి, "మాకేం అక్కర్లేదండీ, అన్నీ ఉన్నాయి" అని నిమ్మచెక్కతో రుద్ది మరీ చెప్పింది ఎవరు? తనే కదా! ఉత్తరంలో లేదని రాసేది మాస్టారు, బల్లమీద ఉందని చూపించేది తను. ఎవరు నమ్ముతారు ఉత్తరాన్ని? ఇంట్లోనూ అంతే కదా అనిపించింది హఠాత్తుగా. "ఏం లేదు, ఏం లేదు" అని ఎర్ర బల్బు వెలిగించుకుని తిరిగే మనిషిని మోకాలు నొప్పా అని ఎవరడుగుతారు? అడగలేదని వాళ్ళమీద లోపల్లోపల ఉడుక్కోవడం ఒకటి! తనమీద తనకే ఒళ్ళు మండింది, ఆ వెంటనే జాలేసింది. ప్రేమతోనే కదా చేసింది! ప్రేమతో చేసిన పని పిల్లని నలుగురిలో నవ్వులపాలు చేసిందే అన్నది మాత్రం మింగుడు పడలేదు.

ఆ కాగితం పట్టుకెళ్ళి మాస్టారి ముందు పెట్టింది.

"ఈసారి ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం సార్."

మాస్టారు చదివారు. రెండోసారి చదివారు. "చూపిస్తే మూసేస్తారమ్మా."

"చూపించకపోతే బాగుపడుతోందా సార్? ఆ పిల్ల విజిల్ కోసం నిలబడింది." జరిగింది చెప్పింది.

ఆయన కాగితం మడిచి బల్లమీద పెట్టారు. "నాకింకా రెండేళ్ళే ఉంది. నా చేతులమీదుగా మూతపడిందన్న మాట రాకూడదనుకున్నాను." ఆమెకి ఆయన ఇంటి పెద్దలాంటి మనిషి. ఆమె జ్వరంతో సెలవులో ఉంటే తనే గాజు సామాను కడుక్కున్న మనిషి. "నా నోటితో నేను చెప్పలేనమ్మా," అన్నారు చివరికి. "నువ్వు చెబితే ఆపను."

ఆ సాయంత్రం ఇంట్లో చిన్న సైజు యుద్ధమే జరిగింది.

"నీ బల్బు నువ్వే వచ్చి పీకెయ్యాలి," అంది మొగుడితో.

"పిచ్చా ఏంటోయ్ నీకు? వచ్చే నెలలోనే కదా నీ కాగితం రావాల్సింది? పదిహేడేళ్ళు నోరు మూసుకున్నదానివి, ఇంకో ఏడు మూసుకోలేవా? పర్మనెంటు చేస్తారేమో కూడా."

"పదిహేడేళ్ళనుంచీ చేస్తారేమోనే కదా."

"అది కాదు, నీకెందుకు ఈ గొడవ? మాస్టారు ఉన్నారు, పైవాళ్ళు ఉన్నారు. లేదని నువ్వే చాటింపు వేస్తే, నీ పని నీకు చేతకాదనుకోరూ?"

ఆమె జవాబు చెప్పేలోపే అత్తగారు గొంతు సవరించుకున్నారు. అత్తగారు గొంతు సవరించుకున్నారంటే ఆ ఇంట్లో ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది.

"ఒరేయ్, ఆ పిల్ల నవ్వులపాలై వచ్చిందంటుంటే నీకు కాగితం గోలేంట్రా? నేను నాలుగో తరగతిలో ఉండగా బడి మూసేశారు. ఎందుకో తెలుసా? పంతులమ్మకి ఆరునెలలు జీతం రాకపోయినా, వస్తోందనే చెప్పేది, నామోషీపడి. ఏడో నెలలో చెప్పకుండా వెళ్ళిపోయింది. ముందే చెప్పుంటే మా నాన్నా వాళ్ళూ వెళ్ళి అడిగేవాళ్ళేమో! నా చదువు ఆ నాలుగుతోనే ఆగిపోయింది." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, తడి అక్కడే ఉంది. "రేపు వెళ్ళి బల్బు పీకు. ఆ చేత్తోనే నా కుక్కర్ సంగతి కూడా తేల్చుకు రా."

"మీ కుక్కరా? నా మొదటి జీతంతో కొన్నది అత్తయ్యా అది!"

"వండి పెట్టించుకునేది నేనేగా," అన్నారావిడ. ఏడుపు మొహంతోనే ముగ్గురూ నవ్వేశారు.

శుక్రవారం ఆమె ఆటోక్లేవ్‌ని రుద్దలేదు. మొగుడు ముందురోజే వచ్చి, వైరు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "జాగ్రత్త," అన్నాడు. కుక్కర్ని బల్లకింద దాచడానికి అలవాటుగా వంగిన చేతుల్ని వెనక్కి లాక్కుని, దాన్ని నడి బల్లమీద పెట్టి, నీళ్ళు పోసి, కింద స్టవ్ వెలిగించింది. వంటింటి తూకం, జల్లెడ, గడ్డం కప్పు, అన్నీ పక్కనే వరసగా పేర్చింది. పెళ్ళివారికి సారె చూపిస్తున్నట్టుంది వ్యవహారం. రెండు బస్సుల పిల్ల కూడా వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. వచ్చి గోడ పక్కన నిలబడింది.

కమిటీ నలుగురు. అధ్యక్షుడు బట్టతల పెద్దాయన, చేతిలో అచ్చువేసిన ఫారం. ఆయన ప్రశ్న చదువుతుంటే కలం అప్పటికే టిక్కు పెట్టడానికి కాగితంమీద ఆనుకుని ఉంది.

"ఆటోక్లేవ్. పనిచేస్తోందా?"

మాస్టారు కిటికీ వైపు చూశారు. జవాబు ఆమే చెప్పాలి. ఉద్యోగం పోతే? కోర్సే పోతే? తన నోటి దురుసుతో ఇంతమంది పిల్లల పొట్ట కొట్టినట్టయితే? గోడ పక్కనున్న పిల్లని చూసింది.

"లేదండీ."

కలం ఆగింది. "లేదంటే?"

"పనిచెయ్యట్లేదండీ. ఆరేళ్ళయింది."

"పోయినేడు పనిచేస్తోందని మేమే రాశామే?"

"ఎర్ర లైటు వెలిగింది కదండీ, అందుకని రాశారు. ఆ లైటు మేం పెట్టించిందండీ. లోపల ఏమీ లేదు."

కమిటీలో ఒకావిడ ఉంది, కళ్ళజోడు మెడలో తాడుకి వేలాడుతోంది. దాన్ని ముక్కుమీద పెట్టుకుని దగ్గరికొచ్చింది. "మరి పిల్లలు ప్రయోగాలు ఎలా చేస్తున్నారు?"

ఆమె నోరు తెరిచేలోపే కుక్కర్ జవాబిచ్చింది. అంత గట్టి విజిల్ ఆ కుక్కర్ ఆరేళ్ళలో ఎప్పుడూ వేయలేదు. అధ్యక్షుడి చేతిలో కాగితాలు ఎగిరిపడ్డాయి. వెనకెవరో కిసుక్కున నవ్వారు.

"ఇదెవరిది?" అన్నాడాయన గుండెమీద చెయ్యి వేసుకుని.

"నాదండీ. మా వంటింట్లోది. ఆ తూకం నాదే, జల్లెడ నాదే. ఆ కప్పు మావారు గడ్డం గీసుకునేది. స్టాకు రిజిస్టర్లో ఇవేవీ ఉండవండీ. రిజిస్టర్లో ఉన్నవి పనిచెయ్యవు."

అప్పుడు గోడ పక్కనుంచి పిల్ల గొంతు వచ్చింది. "ఆసుపత్రిలో మెషీన్ ముందు విజిల్ కోసం నిలబడ్డానండీ నేను. అందుకే ఉద్యోగం రాలేదు." అంతమాత్రం అని మళ్ళీ గోడకి అతుక్కుపోయింది. ఇందాక నవ్వినాయన నేలచూపులు చూశాడు.

అధ్యక్షుడు కాగితాలు సర్దుకున్నాడు. చెడ్డవాడేం కాదు, గొంతు మెత్తగానే ఉంది. "ఇలా బయటపెడితే కోర్సు ఉంచడం కష్టమవుతుందమ్మా. అందులో మీ ఉద్యోగం కూడా ఉంది. తెలుసుగా?"

"తెలుసండీ." ఆమె బల్ల అంచు పట్టుకుని, నొప్పి మోకాలి బరువు రెండో కాలిమీదికి మార్చుకుంది. "మూసెయ్యాలంటే మూసెయ్యండి సార్. కానీ లేదని రాసి మూసెయ్యండి. ఉందని రాసి ఇవ్వకుండా ఉండకండి. లేదని రాస్తే, ఎందుకు లేదని రేపు ఎవరైనా అడుగుతారు."

మాస్టారు లేచి నిలబడ్డారు. "ఆవిడ చెప్పిందంతా నిజం," అన్నారు. "లేదని చెప్పాల్సింది నేను. ఆరేళ్ళుగా ఆవిడ వెనక దాక్కున్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అధ్యక్షుడు చాలాసేపు రాసుకున్నాడు, ఏం రాశాడో చెప్పలేదు. అందరూ వెళ్ళాక కళ్ళజోడావిడ ఒక్కత్తే వెనక్కి వచ్చి, "పనిచేయదు అనే రాశాం. నిధులొస్తాయని మాటివ్వలేను గానీ, అడగడం మాత్రం గట్టిగా అడుగుతాను," అంది. వెళ్ళబోతూ ఆగి, "మీ కాలికేమైంది? కుంటుతున్నారు," అంది.

"అబ్బే, ఏం లేదండీ."

ఆవిడ వెళ్ళిపోయింది. ఆమె నాలుక కరుచుకుంది. ఇంత పెద్ద నిజం చెప్పిన నోరే, గంటైనా కాకుండా మళ్ళీ బల్బు వెలిగించేసింది చూడండి! నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

కుక్కర్ని కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుంది. రోజువారీ రిజిస్టరు తీసింది. ఆరేళ్ళుగా ప్రతి పేజీలోనూ తన చేతి రాతే, "ప్రయోగం జరిగినది" అని. ఆ రోజు గడిలో నెమ్మదిగా, గుండ్రంగా రాసింది. "ప్రయోగం జరగలేదు. కారణం: ఆటోక్లేవ్ లేదు." కింద సంతకం పెట్టాల్సింది మాస్టారు. పెడతారో పెట్టరో అనుకుంది. ఆయన కలం తీసి, ఇన్నాళ్ళూ పెట్టే పొట్టి సంతకం కాకుండా పూర్తి పేరు రాశారు. రేపట్నుంచి పిల్లలేం చేస్తారన్న దిగులు ఇద్దరి మొహాల్లోనూ ఉంది. పిల్లలే తేల్చారు. "రోజూ వస్తామక్కా. వచ్చి కూర్చుంటాం. జరగలేదు అని రోజూ రాయి," అన్నారు.

మాస్టారు కుక్కర్ సంచి తనే పట్టుకుని బస్సుదాకా వచ్చారు. రెండు బస్సుల పిల్ల మొదటి బస్సులో ఆమె పక్కనే కూర్చుంది. "చెల్లిని చేర్పించు," అందామె, దిగేముందు. పిల్ల ఆమె చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. అత్తగారు గుమ్మంలోనే సంచి లాక్కుని, తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు కుక్కర్‌ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "చిక్కిపోయింది," అన్నారు. మొగుడు కుర్చీలోంచి సగం లేచాడు. పొద్దుటినుంచీ ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడని మొహమే చెబుతోంది. అయినా నోటికి మాత్రం రోజూ వచ్చే మాటే వచ్చింది.

"అలిసిపోయావా?"

"అవును," అందామె.

టీవీ రిమోటు మీదికి పోయిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"అలిసిపోయాను. మోకాలు నొప్పి. ఇవాళ్టిది కాదు, రెండేళ్ళది. మెట్లెక్కలేకపోతున్నాను. ఈ పూట వంట జరగలేదు అని రాసుకోండి. కారణం: మనిషి అలిసిపోయింది." అని, ఆయన లేచిన కుర్చీలోనే కూర్చుని, కాలు ముందున్న పీటమీద చాపుకుంది.

ఆయన తల్లి వైపు చూశాడు. "రెండేళ్ళా? నాకు తెలీనే తెలీదమ్మా," అన్నాడు దొంగలా. అత్తగారు ఏ జాలీ చూపించలేదు. కుక్కర్ తెచ్చి కొడుకు చేతుల్లో పెట్టారు. "పద, నేను చెబుతాను, నువ్వు చెయ్యి. ముందు ఆ చేతులు కడుక్కో."

కాసేపటికి వంటింట్లో గిన్నెలు పడ్డ చప్పుడు, అత్తగారి తిట్లు, స్టవ్ వెలిగిన శబ్దం. ఆమె కూర్చున్నచోటి నుంచి ఆయన వీపు కనపడుతోంది. రెండు చేతులూ కట్టుకుని, మెడ ముందుకి చాచి, రెప్ప వేయకుండా కుక్కర్ వైపే చూస్తున్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళకి దీపాలు వెలిగించిన మనిషి, పాపం, విజిల్ కోసం నిలబడ్డాడు. ఎప్పుడొస్తుందో తెలీదు, ఎన్ని రావాలో తెలీదు, వచ్చాక ఏం చెయ్యాలో అసలే తెలీదు.

ఆమెకి ఆయన ముద్దొచ్చాడు. లేవలేదు మాత్రం.